దిగుమతి సహజవాయువు: విశాఖ తీరం, వర్ధమాన దేశాల అనుభవం

ఒక దేశం తన భూమిలో నుంచో తన సముద్రగర్భం నుంచో తీసుకోకుండా, పరాయి దేశం నుంచి పైపులైను ద్వారానో, ద్రవరూపంలో ఓడల మీదనో తెప్పించుకొనే సహజవాయువును దిగుమతి సహజవాయువు అంటారు. సహజవాయువులో ప్రధానమైనది మీథేన్. భారతదేశానికి ఏ పొరుగుదేశంతోనూ సహజవాయు పైపులైను లేనందువల్ల, ఇక్కడికి వచ్చే దిగుమతి వాయువంతా ద్రవీకృత సహజవాయువుగా, అంటే వాడుకలో ఎల్‌ఎన్‌జీగా, ఓడరేవుల ద్వారానే వస్తుంది. 2004లో గుజరాత్‌లోని దహేజ్ టెర్మినల్‌కు కతార్ నుంచి తొలి ఓడ రావడంతో మొదలైన ఈ దిగుమతి, రెండు దశాబ్దాల్లో దేశం వాడే సహజవాయువులో దాదాపు సగానికి చేరింది. చైనా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఈజిప్టు, వియత్నాం, ఫిలిప్పీన్స్ వంటి దేశాలు కూడా వేర్వేరు కాలాల్లో ఇదే దారి పట్టాయి.

ఈ పరిణామాన్ని పరిశీలించడానికి విశాఖపట్నం, దానికి దక్షిణాన ఉన్న గోదావరి తీరం ప్రత్యేకంగా పనికివస్తాయి. దేశంలోని పెద్ద వాయు నిక్షేపాల్లో ఒకటి కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉంది. పెద్ద ఓడలు నిలిచే లోతైన రేవు గంగవరంలో ఉంది. వాయువు కావలసిన రిఫైనరీ, ఎరువుల కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాలు ఈ తీరం వెంటే ఉన్నాయి. ఇన్ని ఉన్నా 2024 నాటికి ఆంధ్రప్రదేశ్ తీరంలో ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ ఒక్కటీ వెలవలేదు. దిగుమతి వాయువు ఒక ప్రాంతానికి చేరడమూ చేరకపోవడమూ రేవు లోతును బట్టి కాక, ఆ ధరను చివరికి ఎవరు భరిస్తారన్న దాన్ని బట్టి నిర్ణయమవుతుందని ఈ తీరం అనుభవం చెబుతుంది.

బండలోని గ్యాస్, పైపులోని గ్యాస్

తెలుగునాట గ్యాస్ అనగానే స్ఫురించేది వంటింటి గ్యాస్ బండ. అందులో ఉండేది సహజవాయువు కాదు; ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన ఎల్‌పీజీ. సాధారణ ఉష్ణోగ్రతలోనే కొద్దిపాటి పీడనానికి అది ద్రవంగా మారుతుంది కనుక ఉక్కు సిలిండర్లో నింపి ఊరూరా పంపడం సాధ్యమవుతుంది. మీథేన్ అలా లొంగదు. దాన్ని ద్రవంగా మార్చాలంటే సున్నాకు దిగువన 162 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరచాలి. ఈ ఒక్క భౌతిక ధర్మమే రెండు వాయువుల వాణిజ్యాన్నీ పూర్తిగా వేరు చేసింది. ఎల్‌పీజీ రోడ్డు మీద లారీలో వెళ్ళి, మోటారు సైకిల్ మీద ఇంటికి చేరగలదు; సహజవాయువుకు రేవు నుంచి పొయ్యి దాకా ఎడతెగని గొట్టపు దారి కావాలి.

ఎల్‌పీజీ దిగుమతిలో విశాఖపట్నానిది పాత అనుభవం. దేశం వాడే ఎల్‌పీజీలో సగానికి మించి విదేశాల నుంచే వస్తుంది. దాన్ని దించుకొని నిలవ చేయడానికి హిందుస్థాన్ పెట్రోలియం, ఫ్రాన్సుకు చెందిన టోటల్ సంస్థలు కలిసి సౌత్ ఏషియా ఎల్‌పీజీ అనే ఉమ్మడి కంపెనీని నెలకొల్పి, డాల్ఫిన్ నోస్ కొండ ప్రాంతంలో సముద్రమట్టానికి 160 మీటర్ల దిగువన రాతిని తొలిచి 60,000 టన్నులు పట్టే గుహను కట్టాయి. ఇలాంటి గుహకు లోపలి గోడలపై ఉక్కు తొడుగు ఉండదు. చుట్టూ ఉన్న రాతి పగుళ్ళలోని భూగర్భజలం పీడనం, లోపలి ద్రవం పీడనం కంటే ఎప్పుడూ ఎక్కువగా ఉండేలా చూస్తారు. నీరు లోపలికి ఊరుతుంది గాని వాయువు బయటికి పోలేదు. ఊరిన నీటిని అడుగు నుంచి తోడి పారబోస్తారు. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు ప్రభుత్వ రంగ వాయు సంస్థ గెయిల్ వేసిన 600 కిలోమీటర్లకు పైబడిన ఎల్‌పీజీ పైపులైను 2004 నుంచి పనిచేస్తోంది. 13.3 లక్షల టన్నుల ముడిచమురును దాచే వ్యూహాత్మక నిల్వ గుహ కూడా 2015 నుంచి ఇక్కడే ఉంది. అంటే ద్రవ ఇంధనాన్ని ఓడలో తెచ్చి, రాతిలో దాచి, పైపులో పంపే విద్య ఈ నగరానికి కొత్త కాదు.

ఓడలో వచ్చే వాయువు

సహజవాయువును ద్రవీకరిస్తే దాని ఘనపరిమాణం దాదాపు 600వ వంతుకు తగ్గుతుంది. ఉత్పత్తి దేశంలో వాయువులోని తేమను, బొగ్గుపులుసు వాయువును, పాదరసాన్ని తొలగించి, శీతలీకరణ యంత్రాల్లో మెట్లు మెట్లుగా చల్లార్చి ద్రవంగా మారుస్తారు. ఈ పనికే మూలవాయువులో దాదాపు పదో వంతు ఖర్చవుతుంది. ఓడలోని తొట్లలో ద్రవాన్ని చల్లగా ఉంచే యంత్రమేమీ ప్రధానంగా ఉండదు. మందపాటి ఉష్ణనిరోధక పొరల నడుమ ద్రవం తన మరుగు స్థానం వద్దే ఉండి, రోజూ కొద్దికొద్దిగా ఆవిరవుతూ ఆ ఆవిరితోనే మిగతా ద్రవాన్ని చల్లగా ఉంచుకొంటుంది. ఆవిరైన వాయువును ఓడ ఇంజన్లలో ఇంధనంగా వాడతారు. ఈనాటి సాధారణ ఓడ ఒక్కటి సుమారు 70,000 టన్నుల ద్రవాన్ని మోస్తుంది.

దిగుమతి రేవులో ఈ ద్రవాన్ని తొమ్మిది శాతం నికెల్ కలిపిన ఉక్కుతో చేసిన లోపలి తొట్టి, కాంక్రీటుతో కట్టిన వెలుపలి తొట్టి ఉన్న ట్యాంకుల్లోకి దించుతారు. మామూలు ఉక్కు అంతటి చలికి గాజులా పెళుసుబారుతుంది కనుకనే ఈ మిశ్రమలోహం అవసరం. తరువాత సముద్రపు నీటి వేడితో ద్రవాన్ని మళ్ళీ వాయువుగా మార్చి పైపులైనులోకి పంపుతారు. ఈ పనంతా ఒడ్డున కాక రేవులో లంగరు వేసిన ఓడలోనే చేసే తేలియాడే టెర్మినళ్ళూ ఉన్నాయి. తక్కువ పెట్టుబడితో, తక్కువ కాలంలో సిద్ధమవుతాయి కనుక పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఈజిప్టు వంటి దేశాలు వీటినే ఎంచుకొన్నాయి.

వాయువు ధరను ఎంత ఘనపరిమాణమన్న దాన్ని బట్టి కాక, ఎంత వేడినిస్తుందన్న దాన్ని బట్టి కడతారు. దీనికి కొలమానం పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లు. వ్యాపారంలో దీన్ని ఎంఎంబీటీయూ అంటారు. ఒక ఎంఎంబీటీయూ అంటే సుమారు 27 ఘనపు మీటర్ల వాయువు. ఈ వ్యాసంలో డాలర్లలో చెప్పే ధరలన్నీ ఈ కొలతకే వర్తిస్తాయి.

కృష్ణా-గోదావరి ఆశ

గోదావరి డెల్టాలో చమురు, సహజవాయువు సంస్థ, అంటే ఓఎన్‌జీసీ, తవ్విన బావుల నుంచి వచ్చిన వాయువు విజ్జేశ్వరం, జేగురుపాడు, కాకినాడ ప్రాంతాల విద్యుత్ కేంద్రాలకు, కాకినాడలోని నాగార్జున ఎరువుల కర్మాగారానికి ఆధారమైంది. 2002లో రిలయన్స్ సంస్థ కాకినాడకు ఎదురుగా లోతైన సముద్రంలో, కేజీ-డీ6 అనే క్షేత్రంలో, భారీ నిక్షేపాన్ని కనుగొన్నట్టు ప్రకటించడంతో ఈ ప్రాంతపు లెక్కలన్నీ మారిపోయాయి. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. యానాం పక్కన గాడిమొగలో ఒడ్డుకు చేరిన వాయువు, కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్లు వేసిన పైపులైనులో దేశానికి అడ్డంగా ప్రయాణించింది. కేంద్రం నిర్ణయించిన ధర 4.20 డాలర్లు.

ఆ ధరను, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల ఉత్పత్తి అంచనాను నమ్ముకొని గోదావరి జిల్లాల్లోనూ కృష్ణా జిల్లా కొండపల్లిలోనూ కొత్త విద్యుత్ కేంద్రాలు లేచాయి. 464 మెగావాట్ల గౌతమి, 445 మెగావాట్ల కోనసీమ, వేమగిరి, కొండపల్లి విస్తరణ, సామర్లకోటలో 2,400 మెగావాట్ల భారీ ప్రణాళిక, ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఉత్పత్తి మాత్రం 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్ల దగ్గర శిఖరాన్ని అందుకొని, అక్కడి నుంచి ఎవరూ ఊహించనంత వేగంగా పడిపోయింది. 2013 మధ్య నాటికి అది కోటిన్నర దిగువకు చేరింది. నీరు, ఇసుక చేరి బావులు మూతపడ్డాయి. భూగర్భంలో వాయువు ఉన్నట్టు వేసిన తొలి అంచనాయే ఎక్కువని తేలింది. ఈ కొరత ఎవరి తప్పన్న వివాదం ప్రభుత్వానికి, రిలయన్స్‌కు మధ్య ఏళ్ళ తరబడి నడిచింది గాని, కట్టిన కేంద్రాలకు వాయువు తిరిగి రాలేదు.

అప్పుడు దిగుమతి వాయువు వైపు చూపు మళ్ళింది. దాని పరిమితి ఎక్కడుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. వాయు టర్బైన్‌ను తిప్పి, దాని వేడి పొగతో ఆవిరి టర్బైన్‌ను కూడా తిప్పే సంయుక్త చక్ర కేంద్రంలో ఒక ఎంఎంబీటీయూ వాయువుతో సుమారు 150 యూనిట్ల కరెంటు వస్తుంది. 2009 నాటి 4.20 డాలర్ల ధర, ఆనాటి రూపాయి మారకం ప్రకారం చూస్తే యూనిట్‌కు ఇంధన ఖర్చు రూపాయిన్నర లోపే. అదే వాయువు 10 డాలర్లకు దిగుమతయి, డాలరు 85 రూపాయలుంటే ఆ ఖర్చు ఐదున్నర రూపాయలు దాటుతుంది. దీనికి పన్నులు, పైపు కిరాయి, విద్యుత్ కేంద్రం పెట్టుబడిపై వడ్డీ కలపాలి. విశాఖకు ఆనుకొని పరవాడలో ఎన్‌టీపీసీకి చెందిన 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం ఒడిశా బొగ్గుతో నడుస్తుండగా, పంపిణీ సంస్థలు ఈ ధరకు కరెంటు కొనవు. కొన్నా రైతుకు ఉచితంగా, పేద ఇంటికి చౌకగా ఇచ్చే చోట ఆ భారం సర్కారు ఖజానా మీదే పడుతుంది.

2015లో కేంద్ర ప్రభుత్వం, నిలిచిపోయిన కేంద్రాలకు దిగుమతి వాయువును రాయితీతో ఇచ్చే పథకాన్ని వేలం పద్ధతిలో ప్రవేశపెట్టింది. పన్నులు, కిరాయిలు తగ్గించి, విద్యుత్ వ్యవస్థ అభివృద్ధి నిధి నుంచి లోటు పూడ్చడంతో కొన్ని కేంద్రాలు కొంతకాలం తిరిగాయి. 2017 మార్చితో పథకం ముగిసింది, యంత్రాలు మళ్ళీ ఆగాయి. దేశంలో సుమారు 25,000 మెగావాట్ల వాయు విద్యుత్ సామర్థ్యం ఉంటే, అందులో 14,000 మెగావాట్లకు పైగా వాయువు లేక చిక్కుకుపోయిందని పార్లమెంటు ఇంధన స్థాయీ సంఘం 2019లో నివేదించింది. ఆ చిక్కుకున్న వాటిలో పెద్ద వాటా గోదావరి, కృష్ణా తీరాలదే. కొన్ని కంపెనీలు దివాలా ప్రక్రియ దాకా వెళ్ళాయి, వాటికి అప్పులిచ్చిన ప్రభుత్వ బ్యాంకుల పద్దుల్లో ఆ నష్టం కనిపించింది.

సామర్లకోట యంత్రాల కథ ఈ విషయాన్ని మరింత దగ్గరగా చూపుతుంది. అమెరికా కంపెనీ జీఈ తయారుచేసిన టర్బైన్లు అక్కడికి వచ్చాయి, నిలబడ్డాయి, వాయువు లేక తిరగలేదు. వాటిలో ఒక భాగాన్ని విప్పి, ఢాకాకు దగ్గరలోని మేఘ్నాఘాట్‌కు తరలించి, జపాన్‌కు చెందిన జెరా సంస్థ భాగస్వామ్యంతో 718 మెగావాట్ల కేంద్రంగా మళ్ళీ కూర్చారు. కాకినాడ వాయువు కోసం పుట్టిన యంత్రానికి బంగ్లాదేశ్‌లో దిగుమతి ఎల్‌ఎన్‌జీ ఇంధనమయింది.

కేజీ-డీ6లోనే 2020 డిసెంబరు నుంచి కొత్త క్షేత్రాలు ఉత్పత్తిలోకి వచ్చి, మొత్తం రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల స్థాయికి చేరింది; దేశీయ ఉత్పత్తిలో ఇది దాదాపు మూడో వంతు. అయితే లోతైన సముద్రపు వాయువుకు ధర పరిమితి వేరుగా, ఎక్కువగా ఉండటం, దాన్ని వేలంలో అమ్మడం వల్ల, ఎక్కువ ధర చెల్లించగల కొనుగోలుదారులకే అది వెళ్ళింది. ఇంటి ముందు సముద్రంలోంచి పైకి వచ్చిన వాయువు, ధర విషయంలో, దిగుమతి వాయువు పక్కనే కూర్చుంది.

కట్టని టెర్మినళ్ళు

2010ల తొలి సంవత్సరాల్లో, దహేజ్ టెర్మినల్‌ను నడిపే పెట్రోనెట్ ఎల్‌ఎన్‌జీ సంస్థ గంగవరం రేవులో ఏడాదికి 50 లక్షల టన్నుల టెర్మినల్ కట్టాలని ప్రతిపాదించింది. కాకినాడలో తేలియాడే టెర్మినల్ కోసం గెయిల్, రాష్ట్ర వాయు పంపిణీ సంస్థ, విదేశీ చమురు కంపెనీలు కలిసి మరో ప్రణాళిక వేశాయి. రెండూ కాగితం దాటలేదు.

గంగవరం 2009లో ప్రారంభమైన రేవు. 20 మీటర్ల దాకా లోతున్నందున అక్కడ భారీ బొగ్గు ఓడలు నిలుస్తాయి. ఎల్‌ఎన్‌జీ ఓడకు అంత లోతు అక్కరలేదు. లోపించింది రేవు కాదు. 50 లక్షల టన్నులంటే రోజుకు సుమారు 1.8 కోట్ల ఘనపు మీటర్లు. గంగవరం నుంచి దాన్ని తీసుకుపోయే పైపులైను లేదు, ఇరవై ఏళ్ళ పాటు కొంటామని సంతకం పెట్టే వాడుకదారు లేడు. విద్యుత్ కేంద్రాలు ఆ సంతకం పెట్టలేవని పైన చూసిన లెక్కే చెప్పింది.

పైపులైను లేకుండా కట్టిన టెర్మినల్‌కు ఏమవుతుందో కొచ్చి చూపింది. 2013లో సిద్ధమైన ఆ టెర్మినల్, మంగళూరు పైపులైనుకు భూసేకరణ వివాదాలు అడ్డుపడటంతో, 2021 జనవరిలో ఆ లైను ప్రారంభమయ్యే దాకా తన సామర్థ్యంలో కొద్ది భాగంతోనే నెట్టుకొచ్చింది. అలల పోటును ఆపే గోడ లేని దాభోల్, వానాకాలంలో ఓడల సరుకును దించుకోలేకపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను నేరుగా తాకిన సంగతి గుర్తున్నవారికి, తూర్పు తీరంలో తేలియాడే టెర్మినల్‌ను సంవత్సరమంతా లంగరు మీద ఉంచడం ఎంత భద్రమన్న ప్రశ్న చిన్నది కాదని తెలుస్తుంది. చివరికి తూర్పు తీరపు టెర్మినళ్ళు ఆంధ్రకు రెండు వైపులా వచ్చాయి: దక్షిణాన చెన్నై దగ్గర ఎన్నూరులో 2019లో ఇండియన్ ఆయిల్, ఉత్తరాన ఒడిశాలోని ధామ్రాలో 2023లో అదానీ, టోటల్ సంస్థలు, చెరి 50 లక్షల టన్నుల సామర్థ్యంతో. కాకినాడ నుంచి విశాఖ మీదుగా శ్రీకాకుళం దాకా, అక్కడి నుంచి ఒడిశాలోని అంగుల్ దాకా తలపెట్టిన పైపులైన్లు పూర్తిగా కలిస్తే ఉత్తరాంధ్ర ఈ టెర్మినళ్ళ వాయువుకు అందుబాటులోకి వస్తుంది.

యూరియా బస్తాలోని వాయువు

దిగుమతి వాయువు విద్యుత్తులో నిలదొక్కుకోలేకపోయింది గాని, ఎరువుల్లో స్థిరపడింది. యూరియాను అమ్మోనియా నుంచి, అమ్మోనియాను వాతావరణంలోని నత్రజని, సహజవాయువులోని ఉదజని నుంచి తయారుచేస్తారు. ఇక్కడ వాయువు ఇంధనమే కాదు, ముడిసరుకు కూడా. ఆధునిక కర్మాగారంలో టన్ను యూరియాకు సుమారు 600 ఘనపు మీటర్ల వాయువు పడుతుంది. అంటే 45 కిలోల బస్తా ఒక్కదానిలో దాదాపు ఒక ఎంఎంబీటీయూ వాయువు ఇమిడి ఉంటుంది. ఆ వాయువు కర్మాగారం గుమ్మానికి 12 డాలర్లకు చేరితే, బస్తాలోని వాయువు విలువే సుమారు వెయ్యి రూపాయలు. రైతు చెల్లించేది 266 రూపాయల 50 పైసలు. మధ్య ఉన్న తేడా కేంద్ర బడ్జెట్‌లోని ఎరువుల సబ్సిడీ.

2015 నుంచి అమలులో ఉన్న సమీకరణ విధానం ప్రకారం, యూరియా కర్మాగారాలన్నిటికీ దేశీయ వాయువు, దిగుమతి వాయువు కలిపి లెక్కగట్టిన ఒకే ధరకు సరఫరా చేస్తారు. దేశీయ వాయువు వాటా తగ్గుతూ పోయినకొద్దీ ఆ మిశ్రమంలో దిగుమతిదే అధిక భాగమైంది. తెలంగాణలో మూతపడిన పాత కర్మాగారం స్థానంలో కట్టిన రామగుండం ఎరువుల, రసాయనాల కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది, ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యం గల దీనికి వాయువు కాకినాడ సమీపంలోని మల్లవరం నుంచి వేసిన పైపులో వస్తుంది. ఆ పైపులో ఏ రోజు పారేది ఏ బావి వాయువైనా, ధర లెక్కలో మాత్రం కతార్, అమెరికా వాయువులు కలిసే ఉంటాయి. ఖరీఫ్‌లో వరినాట్లు పడ్డాక కరీంనగర్ సహకార సంఘం దగ్గర బస్తా కోసం వరుస కట్టే రైతుకు, పర్షియన్ సింధుశాఖ ముఖద్వారమైన హోర్ముజ్ జలసంధికి ఈ విధంగా సంబంధం ఏర్పడింది. కతార్ ఓడలు భారత్‌కు రావాలంటే ఆ జలసంధి దాటక తప్పదు.

సబ్సిడీని దుబారా అని కొట్టిపారేయడం తేలిక. యూరియా ధర నాలుగింతలైతే సాగు ఏమవుతుందో ఆలోచించిన ఏ ప్రభుత్వమూ ఆ సాహసం చేయలేదు. అందువల్లే అంతర్జాతీయ ధర ఎంత పెరిగినా ఎరువుల రంగం వాయువు కొనుగోలును తగ్గించుకోలేదు. ఆ ధర పెరిగిన ఏడాది కేంద్ర ఖజానాపై భారం లక్షల కోట్ల స్థాయికి చేరడానికి కారణాల్లో ఇదొకటి.

రిఫైనరీ, ఉక్కు

విశాఖలోని రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, 1970లలో జాతీయం చేయబడి హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. దాని సామర్థ్యాన్ని ఏటా 83.3 లక్షల టన్నుల నుంచి 1.5 కోట్ల టన్నులకు పెంచారు. డీజిల్‌లోని గంధకాన్ని తీయడానికి, బరువైన చమురును తేలిక చేయడానికి రిఫైనరీకి ఉదజని విస్తారంగా కావాలి. ఆ ఉదజనిని నాఫ్తా నుంచి గాని సహజవాయువు నుంచి గాని తీయవచ్చు. ఇలాంటి వాడుకదారు వాయువు చౌకగా ఉన్న నెలలో దాన్ని కొని, ధర పెరిగిన నెలలో తన సొంత నాఫ్తాకు మళ్ళుతాడు. రోజువారీ మార్కెట్లో ఎల్‌ఎన్‌జీని కొని తట్టుకోగలిగేవారు సాధారణంగా ఇలా రెండో దారి ఉన్నవారే.

ఉక్కు పరిశ్రమలో సహజవాయువుతో ఇనుప ఖనిజాన్ని నేరుగా స్పాంజి ఇనుముగా మార్చే పద్ధతి ఒకటుంది. గుజరాత్‌లోని హజీరాలో అది పెద్ద ఎత్తున సాగుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారం మార్గం వేరు. గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకొన్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులు కోకుతో నడుస్తాయి. కోక్ ఓవెన్లు, ఫర్నేసుల నుంచి వెలువడే వాయువులనే పట్టి, సొంత విద్యుత్ కేంద్రంలోనూ కొలిమిల్లోనూ కాలుస్తారు. కోకుకు కావలసిన బొగ్గు మాత్రం ప్రధానంగా ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. 2022 మార్చిలో ఆ బొగ్గు ధర టన్నుకు 600 డాలర్లు దాటినప్పుడు, సొంత గనులు లేని ఈ కర్మాగారం ఎంత ఒత్తిడికి గురైందో నగరమంతటికీ తెలుసు. ఉద్యమంలో 32 మంది ప్రాణత్యాగంతో సాధించుకొన్న కర్మాగారం మనుగడ, ఒక దిగుమతి ఇంధనం ధరతో ఎలా ముడిపడిందో గమనిస్తే, మరో దిగుమతి ఇంధనాన్ని ఆహ్వానించే ముందు అడగవలసిన ప్రశ్నలు స్పష్టమవుతాయి: ఒప్పందం ఎన్నేళ్ళకు, ధర దేనికి ముడిపెట్టారు, సరుకు రాకపోతే నష్టం ఎవరిది.

ఒప్పందాలు, 2022 సంక్షోభం

ఎల్‌ఎన్‌జీ రెండు రకాలుగా చేతులు మారుతుంది. దీర్ఘకాలిక ఒప్పందంలో ధరను ముడిచమురు ధరకో, అమెరికాలోని హెన్రీ హబ్ వాయు ధరకో ముడిపెడతారు. కొనుగోలుదారు సరుకు తీసుకొన్నా తీసుకోకపోయినా నిర్ణీత భాగానికి డబ్బు చెల్లించాలన్న షరతు ఉంటుంది. రెండోది స్పాట్ మార్కెట్, అంటే ఒక్కో ఓడ సరుకును ఆనాటి ధరకు కొనడం. కతార్‌తో పెట్రోనెట్ 1999లో కుదుర్చుకొన్న 75 లక్షల టన్నుల ఒప్పందం మొదటి రకానిది. 2015లో స్పాట్ ధర బాగా పడిపోయినప్పుడు, భారత సంస్థలు ఆ ఒప్పందపు ధరను తిరిగి చర్చించి, 12-13 డాలర్ల నుంచి దాదాపు సగానికి తగ్గించుకోగలిగాయి, తక్కువ తీసుకొన్నందుకు పడిన జరిమానా కూడా రద్దయింది. పెద్ద కొనుగోలుదారుకున్న బలం అది. అదే ఒప్పందాన్ని 2028 నుంచి మరో 20 ఏళ్ళకు పొడిగిస్తూ 2024 ఫిబ్రవరిలో గోవాలో సంతకాలయ్యాయి.

ఆసియా స్పాట్ ధర 2020 వసంతంలో 2 డాలర్ల దిగువకు పడింది. 2022 ఆగస్టులో 70 డాలర్ల దరిదాపుకు ఎగిసింది. ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా పైపు వాయువు తగ్గి, ఐరోపా దేశాలు ఎంత ధరకైనా ఓడలను తమ వైపు తిప్పుకోవడమే దీనికి ప్రధాన కారణం. 40 డాలర్ల వాయువుతో తీసిన కరెంటుకు యూనిట్ ఇంధన ఖర్చే 20 రూపాయలు దాటుతుంది. 2015లో తేలియాడే టెర్మినల్‌తో దిగుమతి మొదలుపెట్టిన పాకిస్తాన్ 2022 జూలైలో పిలిచిన టెండరుకు ఒక్క బిడ్డు కూడా రాలేదు. 2018 నుంచి మహేష్‌ఖాలి వద్ద ఎల్‌ఎన్‌జీ దించుకొంటున్న బంగ్లాదేశ్ అదే నెలలో స్పాట్ కొనుగోళ్ళు ఆపి, దేశమంతటా విద్యుత్ కోతలు ప్రకటించింది. గెయిల్‌కు రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్‌కు చెందిన సింగపూర్ అనుబంధ సంస్థతో ఉన్న దీర్ఘకాలిక ఒప్పందం ప్రకారం రావలసిన ఓడలు కూడా ఆగిపోయాయి. దీర్ఘకాలిక ఒప్పందం ఉంటే చాలునన్న ధీమాకు అది పెద్ద దెబ్బ.

ఈజిప్టు ఉదాహరణ గోదావరి అనుభవానికి చాలా దగ్గరది. దేశీయ ఉత్పత్తి తగ్గి 2015లో దిగుమతి మొదలుపెట్టిన ఆ దేశం, జోర్ అనే భారీ క్షేత్రం అందిరావడంతో 2018లో దిగుమతి ఆపి, ఆ క్షేత్రం ఉత్పత్తి తగ్గగానే 2024లో మళ్ళీ ఓడల కోసం మార్కెట్లోకి వచ్చింది. ఒకే క్షేత్రం మీద ఆశ పెట్టుకొని చేసిన ప్రణాళిక ఎంత త్వరగా తలకిందులవుతుందో కాకినాడ అంతకు పదేళ్ళ ముందే చూసింది.

భద్రత

సహజవాయువు బొగ్గుతో పోలిస్తే, కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువును దాదాపు సగమే వెలువరిస్తుంది, బూడిద, మసి దాదాపు ఉండవు. కాలకుండా లీకైన మీథేన్ మాత్రం వాతావరణాన్ని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే చాలా రెట్లు బలమైనది. అందువల్ల దాని మేలు ఎంతన్నది బావి నుంచి పొయ్యి దాకా లీకుల మీద ఆధారపడుతుంది. మనుషులకు కలిగే ముప్పును ఈ తీరం బాగా ఎరుగును. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై జరిగిన పేలుళ్ళలో సుమారు 60 మంది చనిపోయారు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి, తెల్లవారుజామున ఇళ్ళలో ఉన్నవారిలో 20 మందికి పైగా మరణించారు. ఆ తరువాత తనిఖీల కోసం సరఫరా ఆపడంతో గోదావరి జిల్లాల విద్యుత్ కేంద్రాలకు, కాకినాడ ఎరువుల కర్మాగారానికి వాయువు అందలేదు. పైపు ఏ పొలం గుండా, ఏ వీధి పక్కగా వెళుతుందో ఆ ఊరివారికి ముందుగా, స్పష్టంగా చెప్పకపోవడం క్షమించరాని లోపం. ఉత్తరాంధ్రలో కొత్త లైన్లు వేసే సంస్థలు నగరం గ్రామాన్ని మరచిపోకూడదు.

ముందున్న పోటీదార్లు

2030 నాటికి దేశ ఇంధన వినియోగంలో సహజవాయువు వాటాను ఆరు శాతం నుంచి 15 శాతానికి పెంచాలని కేంద్రం లక్ష్యం పెట్టుకొంది. ఎండ లేని సాయంత్రపు వేళ కరెంటు గిరాకీని తీర్చడానికి ఆగిన వాయు కేంద్రాలు అవసరమవుతాయని ఒక వాదన ఉంది. అవి నిమిషాల్లో వేగం పుంజుకోగలవు కనుక ఆ వాదనలో బలముంది. అదే పనిని నీటిని పగలు పైకి తోడి రాత్రి వదిలే పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు కూడా చేస్తాయి. కర్నూలు ప్రాంతపు పిన్నాపురంలో 1,680 మెగావాట్లతో తలపెట్టిన కేంద్రం అలాంటిదే. దానికి విదేశీ మారకం అక్కరలేదు.

విశాఖకు దక్షిణాన పూడిమడకలో ఎన్‌టీపీసీ తలపెట్టిన హరిత ఉదజని కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజనిని, దాని నుంచి అమ్మోనియాను తయారుచేయడం దాని ఉద్దేశం. దిగుమతి వాయువును ఇది ఎక్కడ తొలగించగలదన్నది రసాయనశాస్త్రం నిర్ణయిస్తుంది. విశాఖలోని కోరమాండల్ వంటి కాంప్లెక్సు ఎరువుల కర్మాగారానికి కావలసింది అమ్మోనియా మాత్రమే. దాన్ని ఇప్పటికే ఓడల్లో దిగుమతి చేసుకొంటోంది కనుక, పూడిమడక అమ్మోనియా ధర పోటీకి నిలిస్తే నలభై, యాభై కిలోమీటర్ల దూరంలోనే కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నాడు. యూరియా సంగతి వేరు. యూరియా అణువులో కర్బనం ఉంటుంది, దానికి కావలసిన బొగ్గుపులుసు వాయువు రామగుండంలో సహజవాయువు నుంచే ఉపఉత్పత్తిగా దొరుకుతుంది. ఆ వాయువును మానేస్తే ఉదజనితో పాటు కర్బనానికీ వేరే మూలం వెతకాలి. అది తేలేదాకా 2028లో మొదలయ్యే కతార్ ఒప్పందపు సరుకులో చెప్పుకోదగ్గ భాగం యూరియా కర్మాగారాలకే చేరుతుంది.